1996ను ఒకసారి తిరగేద్దాం: మీ ఊళ్లో ఆ ఏడాది ఎలా గడిచింది?

పాతపేపరు (విజయవాడ)

అందరికీ నమస్కారం. పోయినసారి 1983 చర్చ బాగా నడిచింది. ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం, కపిల్ దేవ్ చేతిలో కప్పు, చెప్పుకున్నకొద్దీ ఊరాయి. ఈసారి 1996 పెట్టమని చాలామంది అడిగారు, పెడుతున్నాను.

ముందు నాకు గుర్తున్నవి. జనవరి 12న పెళ్లిసందడి విడుదలైంది. పండక్కి ఊళ్లకెళ్లినవాళ్లు ఇంకా పూర్తిగా తిరిగి రాకముందే, 18న ఎన్టీఆర్ పోయారు. ఫిబ్రవరి, మార్చి అంతా క్రికెట్ ప్రపంచకప్. మార్చి 20న ధాత నామ సంవత్సర ఉగాది. ఆ వెంటనే లోక్‌సభ ఎన్నికలు, పదమూడు రోజుల వాజ్‌పేయి ప్రభుత్వం, జూన్ 1న దేవెగౌడ ప్రమాణం. ఆ ఢిల్లీ రాజకీయంలో యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా చంద్రబాబు పేరు దేశమంతా వినిపించింది. ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది ఆ ఏడాదే. రామోజీ ఫిల్మ్ సిటీ తెరుచుకున్నదీ అప్పుడే. ఆగస్టులో అట్లాంటాలో లియాండర్ పేస్ కాంస్యం గెలిచాడు. 1952లో జాదవ్ తర్వాత ఒలింపిక్స్‌లో మనకు వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అది.

మిగతాది మీరు చెప్పాలి. తేదీ గట్టిగా తెలిస్తేనే రాయండి. పార్టీల తగాదా వద్దు. 1995 ఆగస్టు తెలుగుదేశం సంక్షోభానికి వేరే చర్చ ఉంది, అది అక్కడే తేల్చుకుందాం.

బెజవాడ_బాబాయ్

18 గురువారం. పొద్దున్నే టీవీ పెట్టినవాళ్లు బయటికొచ్చి చెప్పేసరికి మా వీధిలో ఎవరూ నమ్మలేదు. పదవి పోయి నాలుగు నెలలు దాటింది అంతే, మళ్లీ జనంలోకి వస్తానని తిరుగుతున్న మనిషి. 72 ఏళ్లంటే మా కళ్లకు ఆయన విషయంలో పెద్ద వయసుగా అనిపించేది కాదు.

కొట్లు ఎవరూ మూయించలేదు, వాటంతటవే మూతపడ్డాయి. మా వీధి చివర కిళ్లీ కొట్టాయన దగ్గర కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ బొమ్మ ఉన్న పాత క్యాలెండరు ఒకటి ఉండేది. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ కోసమే ఉంచాడు. ఆ రోజు దాన్ని తీసి స్టూలు మీద నిలబెట్టి, పూలదండ వేసి, ముందు కొబ్బరికాయ పెట్టాడు. పొద్దుగూకేసరికి స్టూలు కనపడనన్ని పూలు పడ్డాయి. ఆ పూలు వేసినవాళ్లలో ఆయన పార్టీకి జన్మలో ఓటెయ్యనివాళ్లూ ఉన్నారు, నాకు తెలుసు, మా నాన్నగారే ఒకరు. రాజకీయం వేరు, రాముడు వేరు అన్నారు.

హైదరాబాద్ వెళ్లే రైళ్లలో కాలు పెట్టే సందు లేదు. లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచారు కదా. నేను వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సాగరతీరం (విశాఖ)

బాబాయ్ చెప్పిన ఆ స్టేడియంలోనే నెల తిరక్కుండా, ఫిబ్రవరి 16న, ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. వెస్టిండీస్, జింబాబ్వే. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ అదోలా ఉంటుంది.

మా విశాఖకి వచ్చింది 23న. ఆస్ట్రేలియా, కెన్యా. జనవరి చివర కొలంబోలో బాంబు పేలుడు జరగడంతో ఆస్ట్రేలియా వాళ్లు శ్రీలంక వెళ్లం అన్నారు, ఆ మ్యాచ్ వదిలేసుకున్నారు. దాంతో ఆ టోర్నీలో వాళ్లు మైదానంలో దిగిన మొదటి మ్యాచ్ మా ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనే అయింది. మార్క్ వా 130 కొట్టాడు. ఆస్ట్రేలియా 304, కెన్యా 207. ఓడినా కెన్యా వాళ్లు ఆడిన తీరు మా అందరికీ నచ్చింది. వారం తిరక్కుండా పుణెలో అదే కెన్యా వెస్టిండీస్‌ని ఓడించింది. మేం చూసినవాళ్లే కదా అని ఊరంతా సంబరపడింది. అంతకుముందు టీవీలో తప్ప చూడని మనుషుల్ని బీచ్ రోడ్డు మీద చూశాం. అప్పట్లో మాలాంటి ఊరికి అది చాలా పెద్ద విషయం.

మార్చి 9న బెంగళూరులో పాకిస్తాన్‌తో క్వార్టర్‌ఫైనల్ గురించి అందరికీ తెలుసు. జడేజా 25 బంతుల్లో 45, ఆమిర్ సొహైల్‌ని వెంకటేశ్ ప్రసాద్ బౌల్డ్ చెయ్యడం. నాలుగు రోజులకి ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్. 98కి ఒక వికెట్ నుంచి 120కి ఎనిమిది వికెట్లు. కాంబ్లీ ఏడ్చుకుంటూ పెవిలియన్‌కి రావడం. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు.

రెండోఆట (తెనాలి)

క్రికెట్ ఆపి సినిమాలకి రండి. ముందు ఒక ప్రశ్న. 1996లో విడుదలైన చిరంజీవి తెలుగు సినిమా పేరు చెప్పండి. గూగుల్ చెయ్యకుండా.

తొంభైఏడు_బ్యాచ్

నేను పుట్టిందే 1997లో అన్నా, నాకు వదిలెయ్. మాస్టరా?

బెజవాడ_బాబాయ్

మాస్టర్ 97. రిక్షావోడు 95 డిసెంబరు. ఆగండి, ఆలోచించనివ్వండి.

రెండోఆట

ఎంత ఆలోచించినా దొరకదు బాబాయ్, లేదు కాబట్టి. రిక్షావోడు తర్వాత 1997 జనవరిలో హిట్లర్. మధ్యలో కన్నడంలో సిపాయి చేశారు, తెలుగులో ఏమీ రాలేదు. చిరంజీవి సినిమా లేని ఏడాది అంటే మా ఊరి హాళ్లకి ఎంత కష్టమో ఆ రోజుల్లో సైకిల్ స్టాండు నడిపినవాణ్ణి అడిగినా చెబుతాడు.

ఆ ఖాళీయే మిగతావాళ్లకి దారి ఇచ్చిందని నా నమ్మకం. సంక్రాంతికి బాలకృష్ణ, వెంకటేశ్ సినిమాలు ఉండగా, వాటి మధ్య శ్రీకాంత్ హీరోగా ఒక పెళ్లి సినిమా వచ్చి అందర్నీ దాటేసింది. రాఘవేంద్రరావు, కీరవాణి ఇద్దరూ పూనకం వచ్చినట్టు పనిచేశారు. ఆడవాళ్లు గుంపులుగా మ్యాట్నీకి వచ్చేవారు. మా హాలు ముందు రూపాయికి అమ్మే పాటల పుస్తకం ఉండేది చూడండి, పల్చటి కాగితం, సగం అచ్చుతప్పులు. ఇంటర్వెల్ అయ్యేలోపే కట్టలు ఖాళీ. కొన్నవాళ్లు ఇంటికెళ్లి చదువుకోవడానికి కాదు, సినిమా మళ్లీ చూసేటప్పుడు తెరతో పాటు పాడుకోవడానికి.

అక్టోబరు ఇంకో ఎత్తు. 4న నిన్నే పెళ్లాడతా, 11న పవన్ కల్యాణ్ మొదటి సినిమా. నిన్నే పెళ్లాడతాలో కృష్ణవంశీ చూపించిన ఇల్లు చూడండి. ఇంటినిండా మనుషులు, అరుపులు, వంటింట్లో కబుర్లు. ఆ తర్వాత పదేళ్లు వచ్చిన కుటుంబ సినిమాలన్నిటికీ మూలం అక్కడ ఉంది. జాతీయ అవార్డు ఊరికే రాలేదు. అదే ఏడాది పవిత్రబంధంలో సౌందర్య. ఆమె గురించి రాయడం మొదలుపెడితే ఆపలేను, ఇక్కడితో వదిలేస్తున్నాను.

డబ్బింగ్ సినిమాలు మర్చిపోకూడదు. భారతీయుడు, ప్రేమదేశం. రెండింటికీ రెహమానే. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, పాటల జాబితా తెల్లకాగితం మీద రాసి రికార్డింగ్ సెంటరులో ఇస్తే రెండ్రోజులకి నింపి ఇచ్చేవాడు. 90 నిమిషాల క్యాసెట్‌లో ఏ పక్క ఏది ముందుండాలో వరస కూడా మేమే రాసిచ్చేవాళ్లం. ఆ ఏడాది నా జాబితాలో సగం ప్రేమదేశమే.

ఏలూరు_కాలవ

సినిమాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. సెప్టెంబరు 23న సిల్క్ స్మిత చనిపోయింది. మా ఏలూరు వైపు పిల్ల. ముప్పయ్యారు నిండలేదు. ఆ వార్త పక్కన కొందరు ఏ ఫొటో వేశారో గుర్తుంది. చనిపోయిన మనిషికి ఇవ్వాల్సిన మర్యాద ఆమెకి దక్కలేదు. నాలుగైదు భాషల్లో వందల సినిమాలు చేసిన మనిషి, అన్ని ఇళ్లకీ తెలిసిన ముఖం. ఆ ఏడాది గురించి రాసేటప్పుడు ఆమె పేరు ఒక వరసలోనైనా ఉండాలని రాస్తున్నా.

సికింద్రాబాద్_చాయ్

బాగా చెప్పారు ఏలూరు గారూ.

మా హైదరాబాద్ నుంచి ఒకటి: నవంబరు 20న అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద మొదలైన టెస్టులో లక్ష్మణ్ అరంగేట్రం. రెండో ఇన్నింగ్స్‌లో 51. శ్రీనాథ్ ఆరు వికెట్లు తీసి గెలిపించాడు కాబట్టి ఆ 51 మరుగున పడింది గానీ, ఆ పిచ్ మీద అవి బంగారం లాంటి పరుగులు.

కొబ్బరితోట (కాట్రేనికోన దగ్గర)

మొదటి నుంచీ చదువుతున్నాను. జనవరి ఉంది, మార్చి ఉంది, అక్టోబరు ఉంది. ఇప్పుడు నవంబరు 20 కూడా వచ్చింది. నవంబరు 6 ఎవరికీ గుర్తు రాలేదా?

తొంభైఏడు_బ్యాచ్

నవంబరు 6న ఏమైంది అక్కా? నిజంగా తెలియక అడుగుతున్నా.

కొబ్బరితోట

తెలియకపోవడం నీ తప్పు కాదు తమ్ముడూ. ఇలాంటి జాబితాల్లో ఎక్కడా రాయరు. నేను రాస్తాను.

బుధవారం. దీపావళి ఆ ఆదివారం, 10న. ఇంట్లో మతాబులు ఎండబెట్టుకుంటున్నాం. పొద్దున్నుంచీ ముసురు, గాలి. తుఫాను అని రేడియోలో చెప్పారు, మాకు తుఫాన్లు కొత్తా? ప్రతి ఏడాదీ ఒకటి రెండు చూస్తాం, తలుపులేసుకుని కూర్చుంటాం. రాత్రి తొమ్మిది ఆ ప్రాంతంలో తీరం దాటింది, కాకినాడకి కింద, మా మీదుగానే. ఆ గాలి చప్పుడు నేను రాయలేను. మా పెంకుటింటి కప్పు ఒక మూల నుంచి వరసగా లేచిపోతుంటే, నాన్న మమ్మల్ని మంచాల కిందకి తోసి పైన పరుపులు వేశారు. బయట చెట్లు పడుతున్న చప్పుడు కూడా వినపడలేదు, గాలి అంత గట్టిగా ఉంది.

తెల్లారి బయటికొస్తే మొదట అర్థం కాలేదు. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది, ఆకాశం కనపడుతోంది. మా ఇంటి ముందు నిలబడి నేను అంత ఆకాశం ఎప్పుడూ చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ తలెత్తితే కొబ్బరాకులే. ఒక్క చెట్టు నిలబడి లేదని కాదు, నిలబడినవాటికి కూడా మొవ్వు విరిగిపోయింది. మొవ్వు పోతే చెట్టు నిలబడ్డా చచ్చినట్టే. రోడ్డు మీద మానుల మీద మానులు. గొడ్డళ్లతో నరుక్కుంటూ పక్క ఊరు వెళ్లడానికి మగాళ్లకి రోజంతా పట్టింది. మండలం దాకా వెళ్లి వచ్చేసరికి ఇంకో రోజు.

మాది చెట్లు పోయిన కథ. సముద్రం ఒడ్డు ఊళ్లది మనుషులు పోయిన కథ. భైరవపాలెం, బలుసుతిప్ప. వేటకి వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. మొత్తం చనిపోయినవాళ్లు వెయ్యి మందికి పైనే, ఇంకో కొన్ని వందల మంది ఆచూకీయే లేదు. ఆచూకీ లేదు అంటే ఇంట్లోవాళ్లకి అర్థం ఏమిటో ఆలోచించండి. కర్మ చెయ్యాలా, ఎదురు చూడాలా? బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? అలా నెలల తరబడి నలిగిపోయిన ఆడవాళ్లని నేను చూశాను.

1996 అంటే మీకు పెళ్లిసందడి. నాకూ ఇష్టమే ఆ సినిమా, అమలాపురంలో చూశాను. కానీ మా వైపు ఎవర్నైనా అడగండి, 96 అంటే తుఫానే. పిల్లల వయసులు ఇప్పటికీ తుఫానుకి ముందు, తర్వాత అని లెక్కపెడతారు.

పాతపేపరు

కొబ్బరితోట గారూ, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నవంబరు 6ను మొదటి పోస్టులో పైనే చేరుస్తాను.

రెండోఆట

నా దగ్గర ఆనాటి పేపర్లు కొన్ని ఉన్నాయి. అప్పుడు తెనాలిలో మాకు తెలిసింది ఫొటోల ద్వారానే. ఇప్పుడు ఆ తేదీల వరస చూస్తుంటే ఒకటి తోస్తోంది. 6న తుఫాను. 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాల్లో గుద్దుకుని 349 మంది పోయారు. 23న బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీ, దాని మీద వారాల తరబడి ధర్నాలు, వాదోపవాదాలు, టీవీ నిండా అదే. అంటే కోనసీమలో ఇంకా కరెంటు స్తంభాలు కూడా లేవనెత్తకముందే దేశం కళ్లు ఇంకో చోటికి, అక్కడి నుంచి మరో చోటికి వెళ్లిపోయాయి. మొదటి పేజీలో తుఫాను ఉన్నది చాలా తక్కువ రోజులు.

ఇంకొకటి కూడా. అప్పటికే పేపర్లకి జిల్లా మినీలు, అంటే ఒక్కో జిల్లాకి విడిగా వేసే చిన్న అనుబంధాలు, వచ్చేశాయి. తూర్పు గోదావరి మినీలో నెలల తరబడి తుఫాను వార్తలే వచ్చి ఉంటాయి. కానీ ఆ మినీ మా తెనాలికి రాదు, మాది గుంటూరు మినీ. ఒకే పేపరు, ఒకే తారీఖు, మీరు చదివిన ఏడాది వేరు, నేను చదివిన ఏడాది వేరు.

మునుగోడు_బిడ్డ

రెండోఆట అన్న మంచి మాట చెప్పిండు. మా నల్లగొండ ముచ్చట కూడ గట్లనే మినీలనే ఉండిపోయింది, అందుకే జెప్తున్న.

ఆ ఏడాది పార్లమెంటు ఎలక్షన్ల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. నాలుగు వందల ఎనబై. గెలువనీకె కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా దిక్కు జనం ఆగమైన్రు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వచ్చి చూస్తే తెలుస్తుండె. పండ్లు గార పట్టుడు, చిన్న పిల్లలకు కాళ్లు వంకర పోవుడు, నలబై ఏండ్లకే నడుం వంగి భూమిని చూస్కుంట నడుసుడు. కృష్ణ నీళ్లు పక్కపొంటి పోతుంటయి, మాకు బోరు నీళ్లు, విషం. ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఎవ్వలు పట్టించుకోకపోతే, జల సాధన సమితి వాళ్లు గీ ఉపాయం జేసిన్రు. డిపాజిట్ 500 ఉండె. జనం నామినేషన్లు ఏసిన్రు.

అప్పుడు ఓటింగ్ మిషిన్లు యాడివి? బ్యాలెట్ కాయితం కాదు, పుస్తకమైంది. అది అచ్చు కొట్టుడు, పెద్ద డబ్బాలు తెచ్చుడు అయ్యేపని కాక పోలింగే వాయిదా ఏసిన్రు. మా నాయన ఓటేసి వచ్చి జెప్పిండు: లోపల చిన్న అట్టల గూడు, అండ్ల నిలబడి పేజీలు తిప్పుకుంట గుర్తు ఎతుకుడు. ముసలోళ్లు బయటికొచ్చి, నా గుర్తు దొరుకలే బిడ్డా అన్నరట. ఆఖరికి సీపీఐ ధర్మభిక్షం గెలిచిండు.

దేశమంత మా దిక్కు తిరిగి చూసింది ఆ ఒక్కసారి. ఆగస్టుల చట్టం మార్చి డిపాజిట్ 500 నుంచి 10,000 జేసిన్రు. ఇప్పుడు ఇండ్లకు కృష్ణ నీళ్లు వస్తున్నయి, నిజమే. మా దిక్కు కృష్ణ నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమ గట్టు సొరంగం మాత్రం ఇంక ఒడవలే. 2025 ఫిబ్రవరిల అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకపోయిన్రు. గందుకే నాకు 96 అంటే పాత ముచ్చట అనిపియ్యది.

తొంభైఏడు_బ్యాచ్

480 మంది సంగతి నేను పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను అన్నా. ఒక బిట్టు ప్రశ్న. ఎందుకు నిలబడ్డారో అందులో ఒక్క ముక్క లేదు.

బెజవాడ_బాబాయ్

కొబ్బరితోట అమ్మా, ఒక్క మాట మాత్రం చెప్పనీ. మరిచిపోయాం అన్నావు, నాకు మనసులో కలుక్కుమంది. మా బజార్లో పిల్లలంతా ఇంటింటికీ తిరిగి బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు పోగుచేసి లారీకి ఎత్తారు. దీపావళి టపాకాయల డబ్బులు కూడా చాలామంది అందులోనే వేశారు. కృష్ణా జిల్లావాళ్లం, 77 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లం. అప్పుడు మీ గోదావరి జిల్లాలవాళ్లు మాకు అన్నం పంపారు. ఆ రుణం మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు.

కొబ్బరితోట

బాబాయ్ గారూ, వచ్చాయండి. బియ్యం వచ్చాయి, పులిహోర పొట్లాలు వచ్చాయి, ఆ దుప్పట్లలో ఒకటి మా ఇంట్లో చాలా ఏళ్లు వాడాం. సాయం చెయ్యలేదని నేను అనను, అంటే కళ్లు పోతాయి. నేను చెప్పేది ఆ నెల గురించి కాదండి, ఆ తర్వాత ఏళ్ల గురించి.

కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు. బాగా దింపు రావాలంటే ఇంకా ఎక్కువ. అప్పటిదాకా తోటగలవాడే గతిలేనివాడు. మరి దింపు తీసేవాడు? కాయ వలిచేవాడు? పీచు పని చేసుకునే ఆడవాళ్లు? అంబాజీపేట మార్కెట్‌కి బండి కట్టుకుని బతికేవాడు? వాళ్లకి ఎకరం లేదు, నష్టపరిహారం రాయడానికి వాళ్ల పేరు మీద చెట్టు లేదు. పడిపోయిన మానులు కోసి అమ్ముకోవడానికి కూడా అందరి దగ్గరా ఉంటే ఎవరు కొంటారండి? మా వీధిలో దింపు తీసే ఆయన ఒకాయన ఉండేవాడు, కాళ్లకి బంధం వేసుకుని చకచకా ఎక్కేసేవాడు, ఆయన ఎక్కుతుంటే మేం పిల్లలం కింద నిలబడి చూసేవాళ్లం. తుఫాను తర్వాత హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. మా వైపు నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లు అంతకు ముందూ ఉన్నారు, ఆ తర్వాత ఇంటికొకరు అయ్యారు.

అవేవీ వార్త కాదు కదండీ. తుఫాను ఒక రాత్రి కాబట్టి వార్త. ఆరేడేళ్లు కాపు లేకపోవడం ఎవరికి వార్త?

టెక్సాస్_తెలుగు

నేను అప్పుడే ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాను. మా అమ్మగారి ఊరు అమలాపురం దగ్గర.

1996లో ఇక్కడ తెలుగువాళ్లకి ఊరి కబురు అంటే న్యూస్‌గ్రూపులే, అంటే అప్పటి ఇంటర్నెట్ చర్చా వేదికలు. సిట్ అనేవాళ్లం, తెలుగువాళ్ల న్యూస్‌గ్రూపు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం, దానికి రైస్ యూనివర్సిటీలోని మనవాళ్లు తయారుచేసిన పద్ధతి ఉండేది. ఎన్టీఆర్ పోయిన కబురు చాలామందికి అక్కడే తెలిసింది. పద్యాలు, డైలాగులు గుర్తున్నవాళ్లు గుర్తున్నట్టు టైపు చేశారు. నేనూ రాత్రంతా ల్యాబ్‌లో కూర్చుని చదివాను.

నవంబరులో మాత్రం అక్కడ అడిగినా నాకు కావాల్సిన కబురు దొరకలేదు. తుఫాను వచ్చిందని తెలుసు, ఎంత మందో తెలుసు. మా అమ్మమ్మ ఇల్లు ఉందా లేదా ఎవరు చెబుతారు? ఊరికంతటికీ ఒకటే ఫోన్, ఎస్టీడీ బూతు. అది మోగడమే లేదు. చివరికి కాకినాడలో ఉండే పెదనాన్న సైకిలు మీదా, కాలినడకనా వెళ్లి చూసి వచ్చి ఉత్తరం రాశారు. అది నాకు చేరేసరికి డిసెంబరు వచ్చేసింది. ఇల్లు ఉంది, అమ్మమ్మ ఉంది, దూడ పోయింది అని రాశారు. ఆ ఉత్తరం మడతలు చిరిగిపోతే టేపు అతికించి దాచుకున్నాను.

కొబ్బరితోట

మీ అమ్మమ్మగారి ఊరు ఏది అండి? చెప్పగలిగితే విడిగా మెసేజ్ పెట్టండి. మా మేనత్తలు అటువైపే.

తొంభైఏడు_బ్యాచ్

ఇంకొకటి అడగాలి. 96లో మద్యనిషేధం ఉందంటారు, నిజమేనా? మా నాన్న చెబితే నమ్మలేదు.

బెజవాడ_బాబాయ్

నిజమే. 1995 జనవరిలో మొదలైంది, దూబగుంట ఆడవాళ్ల సారా ఉద్యమం వేసిన విత్తనం అది. 97లో సడలించారు. ఈ మధ్యలో అమ్మకాలు లేవు, కల్తీ సారా ఉంది, పక్క రాష్ట్రాల నుంచి దొంగరవాణా ఉంది. గోదావరి జిల్లాల వాళ్లకైతే యానాం పక్కనే, అది పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ నిషేధం లేదు. అదే 96లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర చేశారు. ఎన్టీఆర్ పోయిన ఏడాదిలోనే ఆయన రెండు రూపాయల బియ్యం పోవడం మా వాళ్లకి రెండోసారి మనసు విరిగినట్టయింది. ఖజానా లెక్కలు నాకు తెలుసు, అయినా సరే.

పాతపేపరు గారూ, ఇది పార్టీ మాట కాదు, తీసెయ్యకండి.

పాతపేపరు

తియ్యను బాబాయ్. బియ్యం ధర అందరి ఇంటి సంగతి.

సాగరతీరం (విశాఖ)

ఒక చిన్న సంగతి. వాజ్‌పేయి రాజీనామా చేసింది మే 28. ఎన్టీఆర్ పుట్టినరోజు. ఆయన పోయాక వచ్చిన మొదటి మే 28 అది. ఆ సాయంత్రం లోక్‌సభలో వాజ్‌పేయి ప్రసంగం టీవీలో ప్రత్యక్షంగా చూశాం. హిందీ అంతంత మాత్రం వచ్చిన మా నాన్నగారు కూడా కదలకుండా కూర్చున్నారు.

సికింద్రాబాద్_చాయ్

ఇంత మంది ఇన్ని చోట్ల నుంచి రాస్తుంటే ఒకటి అనిపిస్తోంది. తర్వాతి ఏడాది చర్చ ఎప్పటిలా సినిమా, క్రికెట్‌తో మొదలుపెట్టకుండా ఉంటే ఎలా ఉంటుంది? ఆ ఏడాది బాగా దెబ్బతిన్న ఊరివాళ్లకి మొదటి పోస్టు ఇద్దాం.

రెండోఆట

నేను సరే అంటాను, కానీ సినిమాని తక్కువ చెయ్యొద్దు. కొబ్బరితోట గారు కూడా అమలాపురంలో సినిమా చూశానన్నారు. కష్టంలో ఉన్న జనానికి ఆ రెండున్నర గంటలు ఊరికే కాలక్షేపం కాదు. తుఫాను తర్వాత మీ వైపు హాళ్లు ఎప్పుడు మళ్లీ తెరిచారో ఎవరైనా చెబితే తెలుసుకోవాలని ఉంది.

కొబ్బరితోట

మా దగ్గర్లో హాలు రేకులు ఎగిరిపోయి పొలాల్లో పడ్డాయి. సంక్రాంతికి బాగుచేసి తెరిచారు. మేం వెళ్లలేదు, డబ్బుల్లేవు. కానీ మైకులో పాటలు ఊళ్లోకి వినపడేవి, మొదటి ఆట ముందు. అది విని మా అమ్మ, హమ్మయ్య, హాలు తెరిచారే అంది. అందుకని సినిమాని తక్కువ చెయ్యమని నేనూ అనను.

పాతపేపరు

అయితే తర్వాతి చర్చ 1977. ఆ ఏడాదిలో ఎమర్జెన్సీ తర్వాత ఎన్నికలు ఉన్నాయి, రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కి పోగా నంద్యాలలో గెలిచిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి కావడం ఉంది, దానవీరశూరకర్ణ ఉంది, అడవిరాముడు ఉంది. అవన్నీ తర్వాత. మొదటి పోస్టు నవంబరు 19 గురించి, దివిసీమ నుంచి రావాలి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లు చెప్పింది మీరు రాసిపెట్టినా చాలు. అది వచ్చేదాకా చర్చ తెరవను.

బెజవాడ_బాబాయ్

మా పెద్ద బావమరిదిది నాగాయలంక పక్కనే. ఆ రాత్రి గుడి పైకెక్కి బతికినవాడు. ఇప్పుడు ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు గానీ జ్ఞాపకం గట్టిది. ఆదివారం వెళ్తాను. మావాడిని కూడా తీసుకెళ్తాను, ఫోన్‌లో రికార్డు చేస్తాడు.